అటకెక్కని బహుమతి: పిల్లలకు బొమ్మలు, ఆటలు, రంగులు కొనే పద్ధతి

మూడేళ్ల కిందట విశాఖ సీతమ్మధారలో అద్దె ఇల్లు ఖాళీ చేసి మధురవాడ వచ్చేశాం. పాత ఇంటి అటక దులిపితే రెండు గోనెసంచుల బొమ్మలు కిందికి దిగాయి. రిమోట్ పోయిన కారు, ఒకే పాట పాడీ పాడీ గొంతు పోయిన పియానో, సగం కూడా విప్పని సైన్స్ కిట్, కన్ను ఊడిన కుక్కపిల్ల. అన్నీ పుట్టినరోజులకు వచ్చినవే, వాటిలో సగం నేను కొన్నవే. అటక మొహమే చూడనివి కొన్ని ఉన్నాయి: మంచం కింద క్యారమ్ బోర్డు, బిస్కెట్ డబ్బాలో ప్లాస్టిక్ ఇటుకలు, బుట్టలో లక్క పిడతలు, గుడ్డసంచిలో గవ్వలు. మా పెద్దాడు ఇంజనీరింగ్‌కి వచ్చాడు. ఇప్పటికీ ఆదివారం వస్తే ఆ బోర్డు మీద వాళ్ల నాన్నతో పందెం కడతాడు.

రెండు కుప్పలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఖరీదైనవన్నీ గోనెసంచుల్లోనే ఉన్నాయి. అవి తమ పని తామే చేసే వస్తువులు. మీట నొక్కి, పిల్లలు చూస్తూ కూర్చోవాలి. ఒక్క ముక్క పోతే మొత్తం పోయినట్టే. మిగిలినవి పిల్లలు చెయ్యి పెడితే తప్ప కదలవు. ఒక గవ్వ పోతే ఇంకో గవ్వ వేసుకుంటారు. ఇప్పుడు ఎవరింటి నుంచి పుట్టినరోజు పిలుపు వచ్చినా ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకునే బజారుకి బయల్దేరుతున్నా. ఆ వరస ఇది.

1. ముందు తల్లికి ఫోన్

"పిల్లకి ఏం కావాలి?" అని అడిగితే "ఏదైనా పర్లేదు వదినా, మీరు రావడమే చాలు" అంటారు. అందుకని ప్రశ్న మార్చాలి. ఫోన్ చేతికివ్వనప్పుడు పిల్ల ఏం చేస్తుంది? వంటింట్లో గిన్నెలు లాగుతుందా, గోడ మీద గీస్తుందా, వీధిలోకి పరిగెడుతుందా? గిన్నెలు లాగే పిల్లకి పిడతలో ఇటుకలో కొనాలి, గోడ మీద గీసేదానికి కాగితం, రంగులు. మూడో రకానికి బంతి చాలు.

రెండో ప్రశ్న, ఇంట్లో ఇంకా చిన్నవాళ్లు ఉన్నారా అని. మా వైపు పిల్లల్ని గుంటలంటాం కదా, ఇంట్లో అందరికంటే చిన్న గుంట వయసే బహుమతి వయసు. ఏడేళ్ల అన్నకి కొన్న పెట్టెలోని గోలీలు ఏడాదిన్నర చెల్లి నోట్లోకే పోతాయి.

మూడోది, ఇప్పటికే ఏమేం ఉన్నాయి అని. ఇటుకల సెట్ ఉంటే అదే కంపెనీది ఇంకొంచెం కొనడం కొత్త బొమ్మ కొనడంకంటే మేలు. బోర్డు పరిచే జాగా ఉందో లేదో కూడా కనుక్కోండి. మన ఫ్లాట్ల హాళ్లలో సోఫా వేశాక మిగిలేది ఎంత!

పిల్లలు నోరు తెరిచి అడిగినదాన్ని మాత్రం ఒక వారం ఆగి చూడండి. బీచ్ రోడ్డులో కుర్సుర సబ్‌మెరైన్ చూసొచ్చిన ప్రతి గుంటడికీ ఆ రోజు అలాంటిదే కావాలి. మరో వారం ఎదురుగా ఉన్న టీయూ-142 ఎక్కించి చూపిస్తే విమానం కావాలి. ఇటుకలు ఇస్తే రెండూ వాడే కట్టుకుంటాడు.

2. షాపులో పెట్టె వెనక్కి తిప్పండి

పెట్టె ముందు వైపు బొమ్మ గురించి గొప్పలు, వెనక వైపు అసలు సంగతులు ఉంటాయి. 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మామూలు బొమ్మలకు ఐఎస్ 9873, కరెంటు లేదా బ్యాటరీతో నడిచేవాటికి ఐఎస్ 15644. గుర్తు పైన ఆ నంబరు, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉండాలి. ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్. ఫోన్లో వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ లైసెన్సు నంబరు కొడితే కంపెనీ పేరు, చిరునామా కనబడతాయి. షాపులో నిలబడే చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. ఉత్త గుర్తు అచ్చేసి నంబరు లేకపోతే అక్కడే పెట్టేయండి.

తర్వాత నాలుగు చేతి పరీక్షలు. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంటికైతే పర్సులోంచి పది రూపాయల బిళ్ల తీయండి. దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. గొంతుకు అడ్డం పడే ముక్కల్ని పరీక్షించే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అంటే బిళ్ల కన్నా కొంచెమే ఎక్కువ. ఆ మాత్రం గొట్టంలో దిగిపోయే ముక్క ఏదున్నా ఆ ఇంటికి వద్దు. కళ్లు, చక్రాలు, బొత్తాలు పట్టి గట్టిగా లాగండి. షాపతను విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. మూత తీసి వాసన చూడండి, ఘాటుగా ప్లాస్టిక్ కంపు కొడితే వదిలేయండి. అంచుల వెంబడి వేలు పోనిస్తే గీసుకోకూడదు.

రెండింటి విషయంలో మాత్రం నేను బేరమే ఆడను. గుండీ బ్యాటరీలు: మింగితే ఆహారనాళాన్ని రెండు గంటల్లోనే కాల్చేయగలవు. బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉండాలి, గోటితో ఊడకూడదు. చిన్నచిన్న గట్టి అయస్కాంతపు గోళీలు: రెండు మింగితే పేగుల్ని మధ్యలో పట్టి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఎంత అందంగా ఉన్నా ఇంట్లోకి రానివ్వను.

3. చెక్కబొమ్మ కావాలంటే ఏటికొప్పాక దాకా

విశాఖలో ఉండి చెక్కబొమ్మల కోసం ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. జాతీయ రహదారి మీద అనకాపల్లి, ఎలమంచిలి దాటి అడ్డరోడ్డు దగ్గర తిరిగితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. ఊరి నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు. ఉదయం వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు, పిల్లల్నీ తీసుకెళ్తే అదే సగం బహుమతి.

అక్కడ పని చూడాలి. అంకుడు కర్ర ముక్కని లేత్ మీద తిప్పుతూ ఉలితో ఆకారం తెస్తారు. తిరుగుతున్న చెక్కకి రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే ఆ ఒరిపిడి వేడికే లక్క కరిగి చెక్కకి పట్టేస్తుంది. ఆ పైన మొగలి ఆకు పెట్టి రుద్దితే అద్దంలా మెరుస్తుంది. బ్రష్షుతో పూసిన పెయింటు పెచ్చులూడినట్టు ఇది ఊడకపోవడానికి కారణం అదే. విత్తనాలు, వేళ్లు, బెరడు, ఆకుల నుంచి తీసే రంగుల్ని ఇక్కడ మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ గుర్తింపు ఉన్నవారికి, నమోదైన హస్తకళాకారులకి ఐఎస్ఐ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి లక్క పిడత మీద ఐఎస్ఐ గుర్తు కనబడలేదని కంగారుపడకండి. పైన చెప్పిన బిళ్ల పరీక్ష మాత్రం దీనికీ పెట్టాలి, ఎందుకంటే పిడతల సెట్లో గరిటెలు, మూతలు మరీ చిన్నవి వస్తాయి. అవి నాలుగైదేళ్ల పిల్లలకి సరిపోతాయి. నెలల పిల్లకైతే గిలక్కాయ, అదీ ముక్కలు అతికించకుండా ఒకే కర్రలోంచి తీసిన రింగులున్నది.

ఎంచేటప్పుడు మేకులు కొట్టినది వద్దు. చక్రాల బండి అయితే నేల మీద నెట్టి చూడండి, ఒక పక్కకి లాగితే ఇరుసు వంకర ఉన్నట్టే. బొంగరం అక్కడే తిప్పించుకోండి. తెల్ల రుమాలు తడిపి రంగు మీద గట్టిగా రుద్దండి, రుమాలుకి రంగు అంటితే అది పైపూత.

వెళ్లడం కుదరకపోతే ఊళ్లో లేపాక్షి షోరూం ఉంది, మధురవాడలో శిల్పారామం ఉంది. కొండపల్లి బొమ్మల్నీ వీటినీ కలపకండి. కొండపల్లివి తేలికైన తెల్ల పొణికి కర్రతో చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కి అతికించి రంగులద్దినవి. బొమ్మల కొలువులో రాణిస్తాయి. మూడేళ్ల పిల్లాడి చేతికిస్తే ఏనుగు తొండం సాయంత్రానికి ఊడుతుంది.

ఇచ్చేటప్పుడు ఆ తల్లికి ఒక్క మాట చెప్పండి: లక్కబొమ్మల్ని శానిటైజర్‌తో తుడవొద్దు. కరోనా రోజుల్లో నేను చేసిన తెలివైన పని అది. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. పసుపుపచ్చ పిడత నా చేతికి జిగురుగా అంటుకుపోయింది. నీళ్లలో నానబెట్టడం, మరగబెట్టడం, ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదలడం కూడా పనికిరావు. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తితే చాలు.

4. ఇటుకలు, నట్లు, బోల్టులు

లెగో కంపెనీ ఇటుకకి ఇప్పుడున్న రూపం 1958లో వచ్చింది. ఆనాటిది దొరికితే ఈ రోజు కొన్నదానికి అతుక్కుంటుంది. మన్నిక అంటే నాకు అదే. ఖరీదు ఎక్కువే, అందుకే నలుగురు కలిసి ఒక పెద్ద డబ్బా కొనడం మంచిది. ఒకే ఒక కారో కోటో తయారయ్యే సెట్ల జోలికి పోకుండా మామూలు ఇటుకలు కలగలుపుగా వచ్చేదే తీసుకోండి. ఒక్కసారి కట్టేసిన కోట షోకేసులోకి పోతుంది, అది అటకకి సగం దారి. చవక రకాలు కొనేటప్పుడు విడి ముక్కలు అడిగి, ఆరు ఒకదాని మీద ఒకటి పేర్చి పై దాన్ని పట్టి ఎత్తండి. మొత్తం లేస్తే పట్టు ఉన్నట్టు.

ఇనుప పట్టీలతో వచ్చే నట్లు బోల్టుల సెట్ ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లకి బంగారం లాంటిది, కానీ మన సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. కుట్టుమిషన్ నూనె చుక్క వేసిన గుడ్డతో తుడిచి గట్టి మూతున్న డబ్బాలో ఉంచమనండి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు అందులో వేయొచ్చు, ఇంట్లో పాకే పిల్లలు లేకపోతేనే.

5. పదిమంది ఆడేవి

క్యారమ్ బోర్డు కొనడంలో జనం చేసే తప్పు సైజు దగ్గర కాదు, మందం దగ్గర. పోటీల బోర్డు ఆట స్థలం 74 సెంటీమీటర్లుంటుంది, ఇంటికి 26 అంగుళాల బోర్డు హాయిగా సరిపోతుంది. ప్లైవుడ్ 4 మిల్లీమీటర్లది అయితే మన తేమకి ఒక వానాకాలంలో అప్పడంలా లేస్తుంది. 8 ఉంటే మంచిది, 12 ఉంటే మనవల దాకా వస్తుంది. పొడవాటి స్కేలు నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి ఆనించి కంటికి ఎదురుగా పెట్టి చూడండి. కింద వెలుతురు కనబడితే ఆ బోర్డు పల్లంగా ఉంది. స్ట్రైకర్ కొట్టి చూస్తే అంచు నుంచి చురుగ్గా వెనక్కి రావాలి, దబ్బుమని చావకూడదు. నాలుగు మూలల జాలీలు దారంతో అల్లినవైతే తెగినా మళ్లీ వేసుకోవచ్చు. ఒక స్ట్రైకర్, నాలుగు కాయలు విడిగా కొని పెట్టండి, పోయేవి అవే. బోరిక్ పౌడర్ డబ్బా పసివాళ్లకి అందకూడదు, అది కడుపులోకి పోయే వస్తువు కాదు. బోర్డుని గోడకి వాలుగా నిలబెడితే వంగిపోతుంది. మంచం కింద పడుకోబెట్టాలి, లేదా మేకుకి నిటారుగా తగిలించాలి.

చెస్‌కి అయస్కాంతపు బుల్లి సెట్ ప్రయాణాల వరకే. నేర్చుకునే పిల్లకి చుట్టి పెట్టుకునే రెగ్జిన్ బోర్డు, అడుగున బరువున్న ప్లాస్టిక్ పావులు, అదనంగా రెండు మంత్రులు. అట్ట బోర్డు మడతల దగ్గర ముందు చిరుగుతుంది, తర్వాత బూజు పడుతుంది.

అట్టపెట్టెల్లో రంగుల డబ్బు నోట్లతో వచ్చే ఆటలకంటే నేను ఎక్కువసార్లు ఇచ్చేది ఒక గుడ్డసంచి. ఖద్దరు గుడ్డ మీద ఒక వైపు అష్టాచెమ్మా ఐదు గళ్ల ఐదు వరసల పటం, రెండో వైపు పులి-మేక పటం దారంతో కుట్టిస్తాను, టైలరు అరగంటలో ఇస్తాడు. నాలుగు గవ్వలు ఆర్కే బీచ్‌లో శంఖాలు, గవ్వలు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. మూడు పులులకి మూడు పెద్ద గింజలు, పదిహేను మేకలకి పదిహేను చింతపిక్కలు. గుడ్డ ఉతుక్కోవచ్చు, చింతపిక్క పోతే పులుసు పెట్టినరోజు మళ్లీ వస్తుంది. వామనగుంటల చెక్క దొరికితే అది ఇంకా మంచిది: పద్నాలుగు గుంటలు, లెక్కలు రాని పిల్లకి కూడికలు దానంతటవే వస్తాయి. ఆట ఎలా ఆడాలో తెలుగులో ఒక కాగితం మీద రాసి సంచిలో పెట్టడం మరిచిపోకండి. నిబంధనలు మా ఇంట్లో ఒకలా, మీ ఇంట్లో ఒకలా ఉంటాయి, ఆ పోట్లాట కూడా ఆటలో భాగమే.

6. రంగులు, కాగితం

ఇక్కడ మోసపోయేది నలభై ఎనిమిది రంగుల పెద్ద పెట్టె దగ్గర. మూత తీయగానే నెమలి పింఛంలా ఉంటుంది. అందులో స్కెచ్ పెన్నులు మూత పెట్టడం మరిచిన మర్నాడే ఎండిపోతాయి, క్రేయాన్లు మైనం తప్ప రంగు రాల్చవు, నీటిరంగు బిళ్లలు బ్రష్షు తగిలితే సుద్దలా పోతాయి. అదే డబ్బుకి పన్నెండు మంచి రంగులు, మంచి కాగితం, రెండు బ్రష్షులు వస్తాయి. ద్వారకానగర్ స్టేషనరీ షాపుల్లో ఇవన్నీ విడివిడిగా అమ్ముతారు. పెట్టె అమ్మడానికే అతను చూస్తాడు, మీరు విడిగానే అడగండి.

నేను కాగితం దగ్గర మొదలుపెడతాను. కాగితం మందాన్ని జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో దాన్నిబట్టి చెబుతారు. జిరాక్స్ కాగితం 70, 75 జీఎస్ఎం ఉంటుంది. దాని మీద నీటిరంగు వేస్తే ముడతలు పడి చిరుగుతుంది, పిల్ల తన చెయ్యి బాగోలేదనుకుంటుంది. క్రేయాన్లకి, పెన్సిళ్లకి 120 దాకా ఉన్నది చాలు. నీటిరంగులకి 200 పైన ఉండాలి. బొమ్మలు వేసుకునే పుస్తకాలు కొనేకంటే డ్రాయింగ్ షీట్లు విడిగా తీసుకుని ఏ జిరాక్స్ షాపులోనైనా స్పైరల్ బైండింగ్ చేయించండి. గట్టి అట్ట మీద పిల్ల పేరు రాయించండి. వంద కాగితాల ఆ పుస్తకం చూసిన పిల్ల మొహం చూడాలి మీరు.

మూడేళ్ల లోపు వాళ్లకి లావాటి మైనపు క్రేయాన్లు. ఐదారేళ్లకి ఆయిల్ పాస్టెల్స్, మెత్తగా చిక్కగా పడతాయి, బట్టలకీ అంతే చిక్కగా అంటుతాయని తల్లిని హెచ్చరించండి. ఏడు దాటాక నీటిరంగుల బిళ్లలు. ట్యూబులు పిల్లలు ఒకేసారి పిండేస్తారు, బిళ్ల అయితే అవసరమైనంతే కరుగుతుంది. మన ఉక్కపోతలో బిళ్లల మీద బూజు పడుతుంది కాబట్టి పూర్తిగా ఆరాకే మూత వేయాలి. పోస్టర్ రంగులైతే ఐదు సీసాలు: ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు. ఆకుపచ్చ కొనకండి. పసుపులో నీలం కలిపితే ఆకుపచ్చ వచ్చిన రోజు పిల్లలు ఇల్లంతా తిరిగి చెబుతారు, ఆ రోజుని మనమే సీసాలో కొనిచ్చి లాగేసుకోకూడదు.

బ్రష్షులు నైలాన్ వెంట్రుకలవి, గుండ్రటివి, 2, 6, 10 నంబర్లు. వెంట్రుకలు పట్టి కొంచెం లాగండి, రాలితే వద్దు. వెంట్రుకల్ని పట్టి ఉంచే రేకు గొట్టం కర్ర మీద కదలకూడదు. వాడాక కడిగి తల పైకి ఉండేలా నిలబెట్టాలి. నీళ్ల గ్లాసులో తలకిందులుగా వదిలితే వారంలో చీపురు.

పెన్సిల్ కొనేటప్పుడు చివర చూడండి, గ్రాఫైట్ సరిగ్గా మధ్యలో ఉండాలి, పక్కకి ఉంటే చెక్కినప్పుడల్లా విరుగుతుంది. హెచ్‌బీ రాతకి, 2బీ, 4బీ బొమ్మలకి. పెన్సిళ్లు పదేపదే కింద పడితే లోపలే ముక్కలైపోతాయి, అందుకని గుడ్డతో కుట్టిన చుట్టే సంచి రేకు డబ్బా కన్నా మేలు. రబ్బరుకి వచ్చే కాగితపు తొడుగు తీసేయకండి. తొడుగు లేకపోతే అది ప్లాస్టిక్ డబ్బాకి అంటుకుని దాన్ని కరిగించి గుంట చేస్తుంది. స్కెచ్ పెన్నులు కొనక తప్పకపోతే మూతకి గాలి కన్నం ఉందో లేదో చూడండి. పొరపాటున గొంతులో ఇరుక్కున్నా ఊపిరి ఆడటానికి ఆ కన్నం.

పెట్టెలో ఇంకో రెండు క్రేయాన్లు, ఎరుపూ నలుపూ, విడిగా వేయండి. ముందు అయిపోయేవి అవే.

7. బంతి, ఆ తర్వాత ప్యాకింగు

ఫుట్‌బాల్ ఎనిమిదేళ్ల లోపు 3 నంబరు, పన్నెండు దాకా 4, ఆ పైన 5. పంపు, సూది లేకుండా ఇచ్చిన బంతి రెండు నెలల బంతి. బ్యాటు "పెద్దయ్యాక పనికొస్తుంది" అని పెద్దది కొనకండి, బరువు మోయలేక ఆటే మానేస్తాడు.

మెరుపు కాగితాల్లో చుట్టడం నేను మానేశాను. క్యారమ్ బోర్డుకి పాత చీరతో సంచి, పిడతలకి వెదురు బుట్ట, రంగులకి మూతున్న స్టీలు డబ్బా. బహుమతి ఉండాల్సిన చోటు కూడా బహుమతితోనే వెళ్తే అది ఇంట్లో చెల్లాచెదురు కాదు. లోపల ఒక చీటీ: విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, దేంతో తుడవాలో. బిల్లు కూడా మడిచి పెట్టండి, సిగ్గుపడక్కర్లేదు, రెండు క్యారమ్ బోర్డులొచ్చిన ఇంట్లో ఒకటి మార్చుకుంటారు.

ఇంత చెప్పాక కూడా మేనల్లుడి కోసం మీటనొక్కే కారే కొనాల్సి వస్తుంది, వాడు ఏడ్చి గెలుస్తాడు. అప్పుడు బ్యాటరీలు రెండు జతలు కొని, ఆ ఇంట్లో చిన్న స్క్రూడ్రైవర్ ఉందో లేదో అడిగి మరీ వెళ్లండి.